ర్యాంకుల ప్రకటన వెనుక లెక్క: ఇంటర్ కాలేజీల ఫలితాలను పోల్చడం ఎలా

జేఈఈ, నీట్ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్ మొదటి పేజీలో వార్తలు కనబడవు, పాస్‌పోర్టు సైజు ఫొటోలే కనబడతాయి. ఎవరికి వారే నంబర్ వన్. పదో తరగతి అవుతున్న పిల్లల తల్లిదండ్రులు ఆ పేజీలను పక్కపక్కన పెట్టుకుని, ఎక్కువ ఫొటోలున్న సంస్థ వైపు మొగ్గుతారు. అలా చూస్తే ఏ సంస్థ పెద్దదో తెలుస్తుంది, అంతే. మీ అబ్బాయిలాంటి, మీ అమ్మాయిలాంటి పిల్లలకు ఆ క్యాంపస్‌లో రెండేళ్లలో ఏం దక్కిందో తెలియాలంటే వేరే లెక్క వేయాలి. కష్టమైన లెక్కేం కాదు. నాలుగు ప్రశ్నలకు సూటిగా జవాబు రాబట్టడంలోనే పనంతా ఉంది.

ఏ పరీక్ష, ఏ స్థాయి

కాలేజీల జాబితా తయారు చేసే ముందు పిల్లల స్థాయి గురించి ఇంట్లో నిజాయతీగా మాట్లాడుకోండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి ఒలింపియాడ్ లెక్కలు ఇష్టంగా చేసే పిల్లలకు ఐఐటీ సీట్లకు పెట్టే జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలు చూడాలి. స్కూల్లో మంచి మార్కులు తెచ్చుకుంటూ కొత్తరకం లెక్క వస్తే తడబడే పిల్లలకు ఎన్‌ఐటీలకు దారైన జేఈఈ మెయిన్, రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్ ఫలితాలు చూడాలి. పేరు ఈఏపీసెట్‌గా మారినా జనం నోట ఇంకా ఎంసెట్టే కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నాం. బైపీసీ అయితే నీట్ ఒక్కటే ప్రధానం, కానీ దాని చిక్కులు వేరు. వాటి సంగతి తర్వాత.

ఇది ముందే తేల్చుకోకపోతే ఐఐటీ ర్యాంకులు చూసి కాలేజీలో చేర్చి, చివరికి ఎంసెట్ ర్యాంకుతో బయటికి వస్తారు. ఆ కాలేజీ ఎంసెట్ మీద అసలు దృష్టి పెడుతుందా అన్న ప్రశ్న రెండేళ్లూ ఎవరికీ తట్టదు.

ప్రకటనను విప్పి చూడటం

ఒక ఫుల్ పేజీ ప్రకటన, ఒక పెన్ను తీసుకోండి. ఒక్కో ఫొటో దగ్గర నాలుగు విషయాలు గుర్తు పెట్టండి.

మొదటిది, అది ఓపెన్ (కామన్) ర్యాంకా, కేటగిరీ ర్యాంకా. పెద్ద అక్షరాల్లో '5', దాని కింద కంటికి ఆనని అక్షరాల్లో ఓబీసీ అనో, ఈడబ్ల్యూఎస్ అనో, పీడబ్ల్యూడీ అనో ఉంటుంది. కేటగిరీ ర్యాంకు తక్కువదేమీ కాదు, దానితో సీటొస్తుంది. అయితే ఒక సంస్థ కామన్ ర్యాంకులు, మరో సంస్థ కేటగిరీ ర్యాంకులు వేసుకున్నప్పుడు రెంటినీ ఒకే తక్కెడలో పెట్టకూడదు. జేఈఈ మెయిన్ స్కోర్ కార్డులో రెండు ర్యాంకులూ ఉంటాయి కాబట్టి కాలేజీ దగ్గర రెండూ ఉన్నట్టే. 'కామన్ ర్యాంకు ఎంత?' అని అడగండి.

రెండోది, ఒకే విద్యార్థిని ఎన్నిసార్లు లెక్కపెట్టారు. ఓపెన్‌లో ఒకసారి, కేటగిరీలో ఒకసారి, రాష్ట్ర స్థాయిలో ఒకసారి, ఫిజిక్స్‌లో 100 పర్సంటైల్ అని ఇంకోసారి. మెయిన్‌లో సబ్జెక్టువారీగా కూడా పర్సంటైల్ ఇస్తారు కాబట్టి మొత్తం మీద 99 దగ్గరున్న పిల్లవాడికి కూడా ఒక సబ్జెక్టులో 100 రావచ్చు. పేర్లు రాసుకుంటూ పోతే 'పది లోపు ర్యాంకులు ఏడు' అన్న చోట ముగ్గురో నలుగురో పిల్లలు తేలడం మామూలే.

మూడోది, ఆ విద్యార్థి అక్కడ ఏ కోర్సు చదివాడు. రెండేళ్లు క్లాసురూములో కూర్చున్నాడా, ఇంటర్ అయ్యాక మళ్లీ రాయడానికి చేరే లాంగ్ టర్మా, ఆఖరి రెండు నెలలు టెస్ట్ సిరీస్ మాత్రమే రాశాడా, పోస్టులో మెటీరియల్ తెప్పించుకున్నాడా? ఒకే ముఖం రెండు సంస్థల ప్రకటనల్లో కనిపిస్తే కారణం సాధారణంగా ఇదే. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరు 13న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కోచింగ్ సంస్థలు ప్రకటనలో విద్యార్థి ఫొటోతో పాటు పేరు, ర్యాంకు, చదివిన కోర్సు, దాని వ్యవధి, అది డబ్బు కట్టి చదివినదా ఉచితమా అన్నది కూడా చూపాలి. ఎంపికైన తర్వాతే విద్యార్థి నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఆ వివరం లేని ఫొటోను మీ లెక్కలోంచి కొట్టేయండి. తప్పుదోవ పట్టించే ప్రకటన అనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

నాలుగోది, ఏ క్యాంపస్. బ్రాండ్ పేరు ఒక్కటే అయినా దాని కింద పదుల, వందల క్యాంపస్‌లు ఉంటాయి. కొన్ని సంస్థలకు వేరే రాష్ట్రాల్లో కూడా ఉన్నాయి. ర్యాంకులన్నీ ఒకే పేజీలోకి వస్తాయి, మీ పిల్ల చేరేది మాత్రం మీ ఇంటి దగ్గర మూడంతస్తుల బిల్డింగులో. 'మా గ్రూపుకు ఇన్ని వచ్చాయి' అన్న మాట విన్నాక 'ఈ బిల్డింగులో కూర్చున్నవాళ్లకు ఎన్ని వచ్చాయి?' అని అడగండి. అడ్మిషన్లు చేయించే పీఆర్వో అక్కడ కాస్త నెమ్మదిస్తాడు.

ఇంకో చిన్న విషయం. జనవరి సెషన్ తర్వాత వేసే ప్రకటనల్లో 'ర్యాంకు' అని ఉంటే అది సంస్థ సొంత అంచనా. జాతీయ పరీక్షల సంస్థ జనవరిలో ఇచ్చేది పర్సంటైల్ మాత్రమే. ర్యాంకులు ఏప్రిల్ సెషన్ ఫలితాలతో, రెంటిలో మెరుగైన స్కోరు తీసుకుని ఇస్తారు.

పర్సంటైల్‌ను ర్యాంకుగా మార్చుకోండి

పర్సంటైల్ వినడానికి బాగుంటుంది. 95 అంటే వందకు తొంభై ఐదు మార్కులేమో అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అసలు అర్థం, రాసినవాళ్లలో 95 శాతం మంది ఆ విద్యార్థి కంటే వెనుక ఉన్నారని. వందలోంచి పర్సంటైల్ తీసేసి, మిగిలినదాన్ని పరీక్ష రాసినవాళ్ల సంఖ్యతో గుణించి, వందతో భాగిస్తే ర్యాంకు సుమారుగా వస్తుంది. 2025లో మెయిన్ రాసినవారు దాదాపు 14.75 లక్షలు. ఆ లెక్కన 99 పర్సంటైల్ అంటే 14,750 దగ్గర, 98 అంటే 29,500, 95 అంటే 73,750, 90 అంటే లక్షా నలభై ఏడు వేల పైన. దేశంలోని ఎన్‌ఐటీలన్నీ కలిపినా సీట్లు పాతిక వేల లోపే. '90 పర్సంటైల్ పైన 300 మంది' అన్న వాక్యం బరువు ఎంతో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

'అడ్వాన్స్‌డ్‌కు అర్హత' అన్న మాటనూ ఇలాగే తూచాలి. మెయిన్ నుంచి సుమారు రెండున్నర లక్షల మందిని అడ్వాన్స్‌డ్‌కు పంపుతారు. 2025లో ఆ కటాఫ్ జనరల్‌కు 93.10, ఈడబ్ల్యూఎస్‌కు 80.38, ఓబీసీకి 79.43, ఎస్సీకి 61.15, ఎస్టీకి 47.90. అంటే ఆ అంకెలో 93 తెచ్చుకున్నవాళ్లూ 48 తెచ్చుకున్నవాళ్లూ కలిసే ఉంటారు. కేటగిరీవారీగా విడదీసి చెప్పమనండి.

ఆ తర్వాత అడ్వాన్స్‌డ్‌లో 'క్వాలిఫై' అవడం ఉంది. అది కూడా సీటు కాదు. 2025లో 1,80,422 మంది రాస్తే 54,378 మంది క్వాలిఫై అయ్యారు. ఐఐటీల్లో సీట్లు 18,160. క్వాలిఫై అయిన ముగ్గురిలో ఒకరికి సీటు. కాబట్టి కాలేజీని అడగాల్సింది ఈ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో ఎవరికి ఏ ఐఐటీలో, ఏ ఎన్‌ఐటీలో, ఏ బ్రాంచి వచ్చిందన్న జాబితా. నిజంగా సీట్లు వచ్చిన కాలేజీ దగ్గర ఆ జాబితా తప్పకుండా ఉంటుంది. జూలైలో ఏ క్యాంపస్‌లో చూసినా గోడకు అంటించే కాగితం అదే.

లవం అందరూ చెబుతారు, హారం ఎవరూ చెప్పరు

పోలికకు అసలు ఆధారం ఇదే. ఎంతమందికి వచ్చిందన్నది లవం. ఎంతమందిలోంచి వచ్చిందన్నది హారం. హారం దొరకని ఫలితాన్ని ఎంత మెరిసినా పక్కన పెట్టండి.

హారంగా తీసుకోవాల్సింది రెండేళ్ల కింద ఫస్టియర్‌లో చేరినవాళ్ల సంఖ్య. కాలేజీలు అడ్వాన్స్‌డ్ రాసినవాళ్ల సంఖ్యనో, సెకండియర్ చివర్లో మిగిలినవాళ్ల సంఖ్యనో చెబుతాయి. మధ్యలో మానేసినవాళ్లు, టీసీ తీసుకుని వెళ్లినవాళ్లు, 'నీకు జేఈఈ వద్దులే, ఐపీఈ (ఇంటర్ బోర్డు పరీక్షలు) చదువుకో' అని వేరే సెక్షన్‌కు మార్చినవాళ్లు లెక్కలోంచి జారిపోతారు. ఫస్టియర్ చేరికకూ సెకండియర్ సంఖ్యకూ పదిలో ఒకటి కంటే ఎక్కువ తేడా ఉంటే కారణం అడగాలి. హాస్టల్ తిండి కావచ్చు, ఒత్తిడి కావచ్చు, లెక్చరర్లు మారిపోవడం కావచ్చు. ఏదైనా మీకు పనికొచ్చే సమాచారమే.

సంఖ్య చెప్పడానికి కాలేజీ ఇష్టపడకపోతే అంచనా వేయొచ్చు. సెక్షన్లు ఎన్ని, ఒక్కో సెక్షన్‌లో ఎందరు అని పిల్లల్ని అడిగితే చాలు. తెలంగాణ ఇంటర్ బోర్డు ఒక సెక్షన్‌కు 88 మంది వరకే అనుమతిస్తుంది. ఆ గదిలో వందకు పైగా కూర్చుంటున్నారంటే హారంతో పాటు ఇంకో విషయం కూడా బయటపడినట్టు.

ఇక్కడ ఇంకో మెలిక. కొన్ని చోట్ల చదువు ఒక బిల్డింగులో, బోర్డు రికార్డుల్లో అడ్మిషన్ వేరే కాలేజీ పేరు మీద. హాల్ టికెట్ వచ్చాక గానీ తల్లిదండ్రులకు ఆ సంగతి తెలియదు. గుర్తింపు ఉన్న కాలేజీల జాబితాను రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ తమ వెబ్‌సైట్లలో పెడతాయి. చేరే ముందు కాలేజీ కోడ్ అడిగి, ఆ కోడ్ కింద ఉన్న పేరు, చిరునామా సరిపోతున్నాయేమో చూసుకోండి.

సూపర్ బ్యాచ్‌ను విడదీయండి

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. అంకెలు లెక్క కోసం పెట్టుకున్నవి.

ఒక పెద్ద క్యాంపస్. ఫస్టియర్ ఎంపీసీలో 800 మంది చేరారు. ప్రకటనలో అడ్వాన్స్‌డ్ క్వాలిఫై అయినవాళ్లు 96. విప్పి చూస్తే అందులో 14 మంది టెస్ట్ సిరీస్ వాళ్లు, 10 మంది రెండోసారి రాసినవాళ్లు. సొంత పిల్లలు 72. ఊళ్లోనే ఒక చిన్న క్యాంపస్. చేరింది 180, క్వాలిఫై 24, అందులో ఇద్దరు రెండోసారి రాసినవాళ్లు, కాబట్టి 22. పెద్దదాంట్లో 9 శాతం, చిన్నదాంట్లో 12 శాతం. 96 ఫొటోలకూ 24 ఫొటోలకూ ఉన్న తేడా ఇప్పుడు తిరగబడింది.

ఇక్కడితో ఆగకూడదు. పెద్ద క్యాంపస్‌లో స్క్రీనింగ్ పరీక్ష పెట్టి ఎంచుకున్న 120 మంది సూపర్ బ్యాచ్ ఉంది, 72లో 60 మంది వాళ్లే. అంటే ఆ బ్యాచ్‌లో సగం మంది క్వాలిఫై. మిగతా 680 మందిలో 12 మంది, రెండు శాతం కూడా లేదు. చిన్న క్యాంపస్‌లో 40 మంది టాప్ సెక్షన్ నుంచి 12 మంది, అంటే 30 శాతం. మిగతా 140 మంది నుంచి 10 మంది, 7 శాతం.

ఇప్పుడు జవాబు మీ పిల్ల ఏ సెక్షన్‌లో పడుతుందన్న దాని మీద ఉంది. సూపర్ బ్యాచ్‌లో సీటు ఖాయమైతే పెద్ద క్యాంపసే మేలు. మామూలు సెక్షన్ అయితే చిన్న క్యాంపస్ దానికి నాలుగు రెట్లు. తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: సూపర్ బ్యాచ్ ఫలితాలు చూసి మామూలు సెక్షన్‌కు ఫీజు కడతారు. సూపర్ బ్యాచ్ పిల్లల్లో చాలామంది స్కాలర్‌షిప్ మీద, కొందరు పూర్తి ఉచితంగా చదువుతారు. వాళ్ల ఖర్చు ఎవరి ఫీజులోంచి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

'మంచి మార్కులొస్తే సూపర్ బ్యాచ్‌కు ప్రమోట్ చేస్తాం' అంటారు. గత ఏడాది ఎంతమందిని అలా పైకి పంపారు, ఎంతమందిని కిందికి దించారు, ఎన్ని నెలలకోసారి మారుస్తారు అని అడగండి. డెమో క్లాసు చెప్పిన లెక్చరర్ మీ పిల్ల సెక్షన్‌కు వస్తారా అన్నది కూడా. పేరున్న లెక్చరర్ల టైం సాధారణంగా టాప్ సెక్షన్లకే సరిపోతుంది.

ఇందులో ఒక జాగ్రత్త. చిన్న క్యాంపస్ మామూలు సెక్షన్లలోకి మొదటి నుంచీ మంచి పిల్లలే వచ్చి ఉండొచ్చు. పదో తరగతిలో 600కు 560 దాటినవాళ్లనే తీసుకునే కాలేజీనీ, వచ్చినవాళ్లందరినీ తీసుకునే కాలేజీనీ ఫలితాలతోనే పోల్చితే రెండోదానికి అన్యాయం. చేరినప్పటి పదో తరగతి మార్కులు సెక్షన్‌వారీగా సుమారుగా ఎంతో కనుక్కోండి. మీ పిల్ల మార్కులకు అటూ ఇటూ ఉన్న పదిమంది ఎక్కడ తేలారో తెలిస్తే చాలు, ఊరంతటి ర్యాంకుల కంటే అది విలువైనది.

మరో జాగ్రత్త చిన్న సంఖ్యల గురించి. 140 మందిలో ఒక ఏడు 10, ఇంకో ఏడు 4 రావడం వింతేం కాదు. చిన్న క్యాంపస్‌కు కనీసం మూడేళ్ల ఫలితాలు కలిపి చూడాలి. నిరుడే తెరిచిన క్యాంపస్ అయితే దానికి ఫలితాలే లేవు, బ్రాండ్ ఫలితాలు దానివి కావు.

మధ్యలో కూర్చున్న పిల్లవాడిని చూడండి

కాలేజీ నాణ్యత టాపర్‌తో తెలియదు. టాపర్ ఎక్కడ చదివినా చాలావరకు తెచ్చుకుంటాడు. 80 మంది సెక్షన్‌లో 40వ స్థానంలో ఉన్నవాడి దగ్గర తెలుస్తుంది.

చాలా క్యాంపస్‌లు వీకెండ్ పరీక్షల మార్కుల షీటును తల్లిదండ్రుల వాట్సాప్‌కు పంపుతాయి. ఇప్పుడు సెకండియర్ చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా తెలిస్తే, మెయిన్ పాత పేపరుతో పెట్టిన గ్రాండ్ టెస్ట్ షీటు ఒకటి చూపించమనండి. పేపరు 300 మార్కులకు, 75 ప్రశ్నలు. మొదటి ఐదు పేర్లు వదిలేసి నేరుగా మధ్యకు రండి. సెకండియర్ నవంబరు, డిసెంబరు నాటికి మధ్య పిల్లవాడు 60 దగ్గరే కొట్టుమిట్టాడుతుంటే ఆ సెక్షన్ సిలబస్ వెంట పరుగెడుతోంది గానీ పిల్లలకు అందడం లేదు. వంద దాటి ఉంటే క్లాసులో పాఠం దిగుతోందన్నమాట. మైనస్ మార్కులవాళ్లు, పరీక్షకే రానివాళ్లు ఎందరో కూడా అదే షీటులో కనబడుతుంది.

ఎంసెట్‌నూ ఐపీఈనీ తక్కువ చేయొద్దు

మన దగ్గర ఎంపీసీ చదివిన పిల్లల్లో చాలామంది చివరికి చేరేది కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా, ఇంజినీరింగ్ కాలేజీల్లోనే. అయినా ప్రకటనల్లో ఎంసెట్‌కు మిగిలేది పేజీ మూల. జనరల్ విద్యార్థికి 160కి 40 మార్కులొస్తే క్వాలిఫై, కాబట్టి 'నూరు శాతం క్వాలిఫై' అన్న మాటకు విలువ లేదు.

దీనికి తేలికైన కొలత ఉంది. కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో కాలేజీవారీ, బ్రాంచివారీ చివరి ర్యాంకుల పట్టిక పెడతారు. జేఎన్‌టీయూ, ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీలు, సీబీఐటీ, వాసవిలాంటి ప్రైవేటు కాలేజీలు... మీకు కావాల్సిన నాలుగైదింటిలో మీ కేటగిరీకి నిరుడు ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగాయో రాసుకోండి. ఆ తర్వాత ఇంటర్ కాలేజీని అడగాల్సింది ఒక్కటే: 'ఈ ర్యాంకు లోపు ఈ క్యాంపస్ నుంచి ఎంతమంది?' హారం పాతదే.

రెండు రాష్ట్రాలకూ ఒక తేడా ఉంది. ఆంధ్రప్రదేశ్ ఎంసెట్‌లో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణ 2023 నుంచి తీసేసింది. కాబట్టి ఆంధ్రలో ఐపీఈని పట్టించుకోని కాలేజీ ఎంసెట్ ర్యాంకును కూడా దెబ్బ తీస్తుంది. జేఈఈ పిల్లలకు కూడా ఇంటర్ మార్కులు కావాలి: ఐఐటీ, ఎన్‌ఐటీ సీటుకు 75 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఐపీఈ ప్రిపరేషన్‌కు ఎన్ని వారాలిస్తారో, ప్రాక్టికల్స్ నిజంగా ల్యాబులో చేయిస్తారో లేదో అడగండి. ల్యాబు తాళం తీయించి చూడటం ఇంకా మేలు.

డీమ్డ్ యూనివర్సిటీల్లో, మేనేజ్‌మెంట్ కోటాలో వచ్చిన సీట్లను వేరే గడిలో రాయండి. అక్కడ ర్యాంకుతో పాటు డబ్బు కూడా పనిచేస్తుంది, అది కాలేజీ ఘనత కాదు.

నీట్ అయితే లాంగ్ టర్మ్ లెక్క

నీట్‌కు ప్రయత్నాల పరిమితి లేదు. అందుకే ఒక సంస్థ మెడికల్ సీట్ల జాబితాలో ఇంటర్‌తో పాటే తెచ్చుకున్నవాళ్లు, ఏడాది లాంగ్ టర్మ్ చేసినవాళ్లు, రెండేళ్లు చేసినవాళ్లు కలిసి ఉంటారు. మీరు ఫస్టియర్ బైపీసీలో చేర్చుతుంటే మీకు కావాల్సిన సంఖ్య మొదటిదే. 'ఫ్రెషర్స్ ఎందరు?' అన్న మాట వాడండి, వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఇంకొకటి కూడా అడగండి: లాంగ్ టర్మ్‌కు మళ్లీ ఇక్కడే చేరినవాళ్లెందరు? ఆ సంఖ్య పెద్దదైతే రెండేళ్ల ఫీజు మూడేళ్లదవుతుందని ముందే అనుకోవాలి.

క్వాలిఫై అన్న మాట ఇక్కడ మరీ తేలిక. 2025లో 22 లక్షల మంది రాస్తే 12.36 లక్షల మంది క్వాలిఫై. జనరల్ కటాఫ్ 720కి 144. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేలు దాటాయి, అందులోనూ సగం దాకా ప్రైవేటు కాలేజీలవే. సీటు చెప్పేటప్పుడు ప్రభుత్వ కాలేజీయా, ప్రైవేటులో కన్వీనర్ కోటాయా, బీ కేటగిరీయా (మేనేజ్‌మెంట్), సీ కేటగిరీయా (ఎన్‌ఆర్‌ఐ) అని విడదీయమనండి. ఫీజులో వీటి మధ్య తేడా లక్షల్లో ఉంటుంది. కాళోజీ, ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు ఎంపిక జాబితాలను ర్యాంకులతో సహా విడుదల చేస్తాయి కాబట్టి పేరు, ర్యాంకు చెబితే సరిచూసుకోవచ్చు.

రాష్ట్రం దాటే ముందు

ఫలితాలు బాగున్నాయని విజయవాడ పిల్లను హైదరాబాద్‌లో, ఖమ్మం పిల్లవాడిని విజయవాడలో చేర్చే అలవాటు పాతదే. ఇప్పుడు దానికి ఖరీదుంది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు, ఆ సొంత రాష్ట్రమంటే పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. తెలంగాణలో ఇంటర్ పాసైన ఆంధ్ర విద్యార్థికి వరంగల్ ఎన్‌ఐటీ సొంత కోటా అవుతుంది, ఆంధ్రలోని తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ కోటా పోతుంది. మెడికల్‌లో ఇంకా గట్టిగా ఉంటుంది: తెలంగాణ స్థానికత నిబంధన తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలో చదివి ఉండటాన్ని చూస్తుంది. ఇంటర్‌కు మాత్రమే బయటికి పంపితే సొంత రాష్ట్రంలో స్థానికత పోయి, వెళ్లిన చోటా రాకుండా పోయే ప్రమాదం ఉంది. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో మినహాయింపులు చదివి గానీ అడుగు వేయొద్దు.

ఎవరిని అడగాలి

కాలేజీవాళ్లు ఇచ్చిన ఫోన్ నంబర్లకు చేస్తే మెచ్చుకోలే వినబడుతుంది. అంతకంటే ఔటింగ్ ఆదివారం హాస్టల్ గేటు దగ్గరకు వెళ్లండి. క్యారియర్లు, పండ్ల సంచులు పట్టుకుని తల్లిదండ్రులు చెట్ల కింద కూర్చుని ఉంటారు. చాలా చోట్ల పిల్లల మెడలో ఐడీ కార్డు మీద సెక్షన్ పేరు కూడా ఉంటుంది. సూపర్ బ్యాచ్ పిల్లల్ని వదిలేసి కింది సెక్షన్ల తల్లిదండ్రులతో మాట కలపండి. 'కాలేజీ ఎలా ఉందండీ?' అంటే 'బానే ఉంది' అంటారు. సూటిగా అడగాలి: ఈ ఏడాది మ్యాథ్స్ లెక్చరర్ ఎంతమంది మారారు? డౌట్లు చెప్పడానికి రాత్రి స్టడీ అవర్‌లో ఎవరుంటారు, లెక్చరరా, వార్డెనా? పోయిన నెల సిలబస్ ఎక్కడిదాకా అయింది? జ్వరం వస్తే ఎప్పుడు ఫోన్ చేశారు? వాళ్ల సెక్షన్‌లో చేరినప్పుడు ఎందరు, ఇప్పుడెందరు?

ఐదారుగురితో మాట్లాడితే చాలు. ముగ్గురు ఒకే విషయం చెబితే అది నిజమనుకోవచ్చు.

కాలేజీ ఆఫీసులో మాత్రం మాటలు వద్దు, నోట్‌బుక్‌లో గడులు గీసుకుని వెళ్లండి. ఒక్కో క్యాంపస్‌కు ఒక వరుస: రెండేళ్ల కింద చేరినవాళ్లు, సెకండియర్ పూర్తి చేసినవాళ్లు, సూపర్ బ్యాచ్ సంఖ్య, మీకు కావాల్సిన ర్యాంకు లోపు వచ్చినవాళ్లు సూపర్ బ్యాచ్‌లో ఎందరు, బయట ఎందరు, ఫ్రెషర్స్ ఎందరు, సీటు వచ్చిన చోట్లు, పదో తరగతి మార్కుల స్థాయి. జవాబు రాని గడిలో గీత పెట్టండి. మూడు క్యాంపస్‌లు తిరిగేసరికి ఎక్కడ గీతలు ఎక్కువున్నాయో కనబడుతుంది. ఆ కాలేజీ ఎంత పెద్దదైనా జాబితాలో కిందికి దించొచ్చు.

తేదీలు, రసీదులు

సంస్థలు డిసెంబరు నుంచే 'ఇప్పుడు కడితే ఫీజులో తగ్గింపు' అంటూ సీటు బుక్ చేయిస్తాయి. నోటిఫికేషన్‌కు ముందు అడ్మిషన్లు చేయొద్దని ఇంటర్ బోర్డు చెబుతూనే ఉంటుంది. తొందరపడి పెద్ద మొత్తం కట్టకండి. డిసెంబరులో మీకు దొరికేది ఆ ఏడాది మేలో పరీక్షలు రాసిన బ్యాచ్ ఫలితం, దాని జోసా, ఎంసెట్ కౌన్సెలింగ్ అప్పటికే అయిపోయి ఉంటాయి కాబట్టి సీట్ల జాబితా పూర్తిగా ఉండాలి. 'ఇంకా తయారు చేస్తున్నాం' అంటే లేనట్టే. మార్చి, ఏప్రిల్‌లో వెళ్తే జనవరి పర్సంటైల్స్ చూపించి మాట దాటేస్తారు, అప్పుడు కూడా నిరుటి సీట్ల జాబితానే అడగండి.

కట్టే రోజున రసీదు మీద కాలేజీ పేరు, కోడ్, సెక్షన్ లేదా ప్రోగ్రాం పేరు, ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఫీజు విడివిడిగా రాయించుకోండి. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాల ప్రకారం కోచింగ్ మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు, హాస్టల్, మెస్ డబ్బు సహా పది రోజుల్లో తిరిగివ్వాలి. దాన్ని అమలు చేయాల్సింది రాష్ట్రాలు. ఏదేమైనా 'అంతా కలిపి ఇంత' అని ఒకే అంకె రాసిన రసీదుతో ఏ భాగం తిరిగి రావాలో అడగలేరు. తెల్ల కాగితం మీద పీఆర్వో సంతకంతో ఇచ్చినదాన్ని రసీదుగా తీసుకోవద్దు. సూపర్ బ్యాచ్ అని నోటిమాటగా చెప్పి ఉంటే, ఏ పరీక్షలో ఎన్ని మార్కులు వస్తే ఆ బ్యాచ్‌లో ఉంచుతారో కూడా అదే రసీదు వెనుక రాయించి, ప్రిన్సిపల్ సంతకం, స్టాంపు వేయించుకోండి.